మాంసకృత్తునకు చక్కెరను ముడివేయు సూక్ష్మజీవి

చక్కెర యనగానే బాలురకు అరిసెలును చెఱకు రసమును జ్ఞప్తికి వచ్చును. పెద్దలకు మధుమేహము జ్ఞప్తికి వచ్చును. తినుటకును, దేహమునకు శక్తి నిచ్చుటకును తప్ప చక్కెరకు వేఱొక యుద్యోగము కలదని మనలో పలువురు తలంపరు. కాని ప్రాణుల దేహములయందు చక్కెర మఱియొక పనిని నిర్వహించుచున్నది. అది మాంసకృత్తులకు అంటుకొని, వానికి గుర్తుగను, కవచముగను ఉండును. ఈ అంటించు పనిని చేయు ఎంజైములు మానవునియందే గాక, కంటికి కనరాని బాక్టీరియాలయందును కలవు. అవి ఆ పనిని ఎట్లు చేయుచున్నవో, దానిని తెలిసికొనుటవలన పసిబిడ్డలకు కలుగదగిన మేలు ఏమో, ఈ వ్యాసమునందు వివరింప బూనితిమి. రసాయనశాస్త్రమును చదువని తల్లిదండ్రులకును బోధపడునట్లు మొదటినుండి చెప్పెదము.

1. చక్కెర యను గుర్తు

రక్తపరీక్ష చేయించుకొన్నవారికి తమ రక్తము ‘ఏ’ వర్గమో, ‘బి’ వర్గమో, ‘ఓ’ వర్గమో తెలిసియుండును. రక్తమునందలి ఈ భేదములను 1901లో వియన్నా నగరమందు కార్ల్ లాండ్‌స్టీనర్ అను వైద్యుడు ప్రకటించెను. ఈ భేదము ఎక్కడ నున్నది? ఎఱ్ఱ రక్తకణముల పైభాగమున చిన్న చిన్న చక్కెర గొలుసులు నిలిచియున్నవి. ‘ఏ’ వర్గమువారి గొలుసు చివర ఎన్-ఎసిటైల్ గెలాక్టోసమీను అను చక్కెర కలదు. ‘బి’ వర్గమువారికి ఆ స్థానమున గెలాక్టోసు అను చక్కెర కలదు. ‘ఓ’ వర్గమువారికి ఆ కొస చక్కెర లేనేలేదు. భేదమింతియే. అయినను, ఒక వర్గపు రక్తమును తగని వర్గమువానికి ఎక్కించినయెడల ప్రాణాపాయము సంభవించును. కణముపై నుండు ఒక్క చక్కెర ఎంత గొప్ప గుర్తో దీనివలన తెలియుచున్నది. ఎన్-ఎసిటైల్ గెలాక్టోసమీను అను పేరును చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. అది ఈ వ్యాసమునందు మరల కనబడును.

ఇచ్చట చక్కెర యనగా మనము కాఫీలో వేసికొను చక్కెర మాత్రమే కాదు. శాస్త్రజ్ఞులు ఆ పేరుతో ఒక పెద్ద కుటుంబమునే పిలుతురు. ద్రాక్షపండ్లలోని గ్లూకోసు, పాలచక్కెరలో భాగమైన గెలాక్టోసు, ఇవి యన్నియు ఆ కుటుంబములోనివే. కొన్ని తియ్యగా నుండును. కొన్నిటికి తీపి యంతగా లేదు.

2. మాంసకృత్తు, ఎంజైము

పప్పు, గ్రుడ్డు, పాలు, చేప మొదలగు ఆహారములలో మాంసకృత్తులు కలవని మన పిల్లలు ఆరోగ్యపాఠములలో చదివియున్నారు. మాంసకృత్తు ఒక పూసల దండవంటిది. పూసలకు బదులు అందులో ఆమినో ఆమ్లములు వరుసగా గ్రుచ్చబడియుండును. ఈ పూసలు ముఖ్యముగా 20 రకములు. ఇరువది రకముల పూసలను వేర్వేఱు వరుసలలో గ్రుచ్చుటచేత వేలకొలది మాంసకృత్తులు కలుగుచున్నవి. దండ పూర్తియైన పిదప అది తనంతట తాను మడతలు పడి, తన పనికి తగిన ఆకారమును పొందును.

ఎంజైము అనగా పనివాడైన మాంసకృత్తు. రెండు పదార్థములను దగ్గరకు చేర్చి, వానిని కలిపియో విడదీసియో, తాను మాత్రము చెడక నిలిచి, మరల ఆ పనికే పూనుకొనును. కంసాలి పట్టుకారుతో ఎన్ని నగలకు అతుకు వేసినను పట్టుకారు నగలో కలిసిపోదు గదా. ఎంజైమును అట్టిదే. మన నోటి లాలాజలమునందలి ఎంజైము అన్నములోని పిండిపదార్థమును చక్కెరగా మార్చును. అన్నమును చాలసేపు నమిలినచో తియ్యదనము తోచుట అందుచేతనే. అది విడదీయు ఎంజైము. మనము ఇప్పుడు చెప్పబోవునది ముడివేయు ఎంజైము.

3. చాలకాలము నిలిచిన యొక పొరబాటు

మాంసకృత్తులకు చక్కెరలను తగిలించుట మానవులు, జంతువులు, చెట్లు, ఈస్టు మొదలగు పెద్ద కణములుగల జీవులకే చెల్లినదనియు, బాక్టీరియాలవంటి అల్పజీవులకు ఆ నేర్పు లేదనియు చాలకాలము శాస్త్రగ్రంథములలో బోధింపబడినది. మొదటి సందేహము 1976లో కలిగినది. మిక్కిలి ఉప్పునీటియందు బ్రతుకు హాలోబాక్టీరియము అను సూక్ష్మజీవి పైపొరలోని మాంసకృత్తునకు చక్కెరలు అంటియున్నవని మెషర్, స్ట్రామింజర్ అనువారు చూపిరి. అయితే ఆ జీవి ఆర్కియా అను వేఱు తెగకు చెందినది. కావున నిజమైన బాక్టీరియాల విషయమున పాత మాటయే కొంతకాలము చెల్లుచు వచ్చెను.

1999లో క్రిస్టీన్ షిమాన్‌స్కి మొదలగువారు కాంపిలోబాక్టరు జెజునై అను బాక్టీరియాను పరీక్షించుచు, దానియందు ఒకటి రెండు మాంసకృత్తులకే గాక పెక్కింటికి చక్కెరలు తగిలించు ఏర్పాటు కలదని ప్రకటించిరి. దీనితో పాత బోధన వీగిపోయెను. ఈనాడు ఆ సూక్ష్మజీవియందు 60కి పైగా మాంసకృత్తులు చక్కెర గుత్తులను ధరించియున్నవని తెలియుచున్నది.

4. ఒకే వైద్యుడు చూచిన రెండు జీవులు

ఈ కాంపిలోబాక్టరు చరిత్ర విద్యార్థులు వినదగినది. జర్మనీ దేశమందు థియోడోర్ ఎషెరిక్ అను పిల్లల వైద్యుడుండెను. ఆయన 1885లో పసిబిడ్డల మలమునందు కడ్డీవంటి యొక సూక్ష్మజీవిని కనుగొని వర్ణించెను. అదియే తరువాత ఆయన పేరుమీదుగా ఎషెరికియా కోలి అని పిలువబడినది. దానిని క్లుప్తముగా ఇ. కోలి యందురు. మఱుసటి సంవత్సరము, అనగా 1886లో, విరేచనములతో మరణించిన పసిబిడ్డల ప్రేగులయందు మెలికలు తిరిగిన సూక్ష్మజీవులను చూచి వానినిగూర్చియు వ్రాసెను. కాని వానిని ప్రయోగశాలలో పెంచుట ఆయనకు సాధ్యము కాలేదు. అవి కాంపిలోబాక్టరులే యని తరువాతివారు తలంచిరి.

వానిని పెంచుట ఏల కష్టమనగా, మనము పీల్చు గాలియందున్నంత ప్రాణవాయువు వానికి సరిపడదు. ప్రాణవాయువు తక్కువగా నుండవలెను. 1972లో బెల్జియము దేశమందు బుట్జ్లర్ అను వైద్యుడును, 1977లో ఇంగ్లాండు దేశమందు స్కిరో అను వైద్యుడును వానిని రోగుల మలమునుండి పెంచు పద్ధతులను చూపిన పిదపనే, విరేచనములకు ఇదియొక ముఖ్యకారణమని లోకమునకు తెలిసినది. ప్రపంచమందు విరేచనములు కలిగించు నాలుగు ముఖ్యకారణములలో ఇది యొకటి యని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఇది కోళ్ల ప్రేగులయందు వానికి పెద్దగా కీడు చేయక నివసించును. సరిగా ఉడకని కోడిమాంసము, కాచని పాలు, అశుద్ధమైన నీరు, వీని మూలమున మనుష్యులకు సంక్రమించును. బాగుగా ఉడికించుటచేతను, పాలు కాచుటచేతను, చేతులు కడుగుకొనుటచేతను దీనిని చాలవఱకు నివారింపవచ్చును.

ఎషెరిక్ చూచిన ఆ రెండు జీవులును ఈ వ్యాసము కడభాగమున మరల కలిసికొనును.

5. చక్కెర గుత్తిని కట్టు విధము

కాంపిలోబాక్టరు తన మాంసకృత్తులకు తగిలించు గుత్తియందు ఏడు చక్కెరలు కలవు. మొదటిది బాసిల్లోసమీను అను అరుదైన చక్కెర. దానిమీద వరుసగా అయిదు ఎన్-ఎసిటైల్ గెలాక్టోసమీనులు కలవు. మనలో ‘ఏ’ వర్గపు రక్తముగలవారి కణములపై నున్న చక్కెర యిదియే గదా! ఈ అయిదింటిలో నడుమనున్న దానికి ప్రక్కకొమ్మగా ఒక గ్లూకోసు అతుకబడియున్నది. మొత్తము ఏడు. గుత్తి యాకారమును 2002లో కెనడా దేశపు శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి.

ఈ గుత్తి మాంసకృత్తుమీద ఒక్కొక్క చక్కెరగా పెరుగదు. పెండ్లిలో పూలమాలను ముందుగా వేఱొక చోట కట్టి, తరువాత వరుని మెడలో వేయుదురు గాని, మెడమీదనే ఒక్కొక్క పూవును గ్రుచ్చరు గదా. అట్లే ఇచ్చటను గుత్తి వేఱొక చోట సిద్ధమగును. ఆ చోటు కణపు లోపొర. ఆ పొరలో 55 కర్బనపు పరమాణువులుగల ఒక పొడుగాటి నూనెవంటి పదార్థము నాటుకొనియుండును. దాని కొనయందు భాస్వరపు ముడి కలదు. గుత్తికి అదియే కాడ.

పనివారు వరుసగా వత్తురు. వీరి పేర్లన్నియు ‘పిజిఎల్’ అను మూడక్షరములతో మొదలగును. మూడు ఎంజైములు బాసిల్లోసమీనును తయారుచేయును. పిజిఎల్-సి దానిని కాడకు తగిలించును. పిజిఎల్-ఏ మొదటి గెలాక్టోసమీనును, పిజిఎల్-జె రెండవదానిని చేర్చును. పిజిఎల్-హెచ్ ఒక్కటియే తక్కిన మూడింటిని చేర్చి, నాలుగవదానిని చేర్చక నిలిచిపోవును. పెరుగుచున్న గొలుసు ఎంత పొడవైనదో కొలుచుటకు కొలబద్దవంటి భాగము దాని దేహమునందే కలదని దాని ఆకారమును పరీక్షించినవారు చెప్పిరి. కడపట పిజిఎల్-ఐ గ్లూకోసును ప్రక్కకొమ్మగా నిలుపును.

ఇదంతయు పొరకు లోపలివైపున జరుగును. కాని ముడి వేయవలసిన చోటు పొరకు వెలుపలివైపున నున్నది. నూనెపొరను చక్కెర గుత్తి తనంతట తాను దాటజాలదు. అందుచేత పిజిఎల్-కె అను ఎంజైము, రేవునందలి పడవవాడు బరువును ఆవలి గట్టునకు చేర్చునట్లు, కాడతోకూడ గుత్తిని ఆవలి వైపునకు త్రిప్పును. ఈ కూలికి కణము ఏటీపీ అను శక్తిపదార్థమును చెల్లించును.

6. ముడివేయు ఎంజైము

ఇప్పుడు ముఖ్యమైన పనివాడు వచ్చును. వాని పేరు పిజిఎల్-బి. సుమారు 710 ఆమినో ఆమ్లములుగల ఈ ఎంజైము పొరయందు 13 మాఱులు అటునిటు దూరి, పొరకు వెలుపల ఒక పెద్ద భాగమును కలిగియుండును. ఒక ప్రక్కనుండి గుత్తిని, మఱియొక ప్రక్కనుండి మాంసకృత్తును పట్టి, గుత్తిని కాడనుండి తెంచి మాంసకృత్తునకు ముడివేయును.

ఎచ్చట పడిన అచ్చట ముడి వేయదు. ఆస్పరజీను అను పూస ఉండవలెను. ఆ పూసయందలి నత్రజనికే ముడి పడును. ఆస్పరజీనునకు తరువాతి రెండవ స్థానమున సెరీను గాని థ్రియొనీను గాని ఉండవలెను. నడుమనున్న పూస ప్రోలీను కారాదు. ఈ నియమము మానవకణములకును బాక్టీరియాలకును సమానమే. కాని కాంపిలోబాక్టరు ఎంజైమునకు ఇంకొక నియమము కలదు. ఆస్పరజీనునకు ముందు రెండవ స్థానమున ఆస్పార్టిక్ ఆమ్లము గాని గ్లుటామిక్ ఆమ్లము గాని ఉండవలెను. ఆ రెండింటి నడుమనున్న పూసయు ప్రోలీను కారాదు.

విద్యార్థులకు అభ్యాసముగా మూడు దండలను చూపుదుము.

మొదటిది: గ్లుటామిక్ ఆమ్లము, అలనీను, ఆస్పరజీను, వాలీను, థ్రియొనీను. ఇచ్చట అన్ని నియమములును కుదిరినవి. మానవకణమునకును, కాంపిలోబాక్టరునకును ఇది తగిన చోటు.

రెండవది: లైసీను, లూసీను, ఆస్పరజీను, అలనీను, సెరీను. ఇచ్చట ఆస్పరజీనునకు ముందు రెండవ స్థానమున ఆమ్లపు పూస లేదు. కావున మానవకణమునకు మాత్రమే తగును.

మూడవది: ఆస్పార్టిక్ ఆమ్లము, గ్లైసీను, ఆస్పరజీను, ప్రోలీను, సెరీను. ఆస్పరజీను ప్రక్కన ప్రోలీను అడ్డుపడినందున ఇది యెవరికిని పనికిరాదు.

చోటు తగినదైనను ముడి సులభముగా పడదు. ఆస్పరజీనునందలి నత్రజని ప్రక్కనున్న కర్బనముతో గట్టిగా చేయి కలిపియుండును. క్రొత్తదానిని పట్టుకొనుటకు దానికి చేయి తీరిక లేదు. మఱి యెట్లు? 2011లో స్విట్జర్లాండు దేశపు జూరిక్ నగరమందు కాస్పర్ లోకర్, మార్కస్ ఏబి అను ఆచార్యులును వారి సహచరులును కాంపిలోబాక్టరు లారై అను దగ్గరి చుట్టపు జీవియందలి పిజిఎల్-బి ఆకారమును ఎక్స్‌కిరణముల సాయమున కనుగొనిరి. మాంసకృత్తు దండ ఆ ఎంజైములో ఒక ఉచ్చునందువలె చిక్కియున్నది. సెరీను లేక థ్రియొనీను పూస ఒక చిన్న గుంటలో సరిగా కూర్చుండి దండను కదలనీయదు. అప్పుడు ఎంజైమునందలి రెండు ఆమ్లపు పూసలు ఆస్పరజీను కొనను పట్టి మెలిత్రిప్పును. ఆ మెలికవలన నత్రజని చేయి విడివడి, చక్కెర గుత్తిని అందుకొనగలుగును. మెగ్నీషియము గాని మాంగనీసు గాని వంటి లోహపు పరమాణువు ఒకటి ప్రక్కన నుండి తోడ్పడును. నత్రజనిని మెలిత్రిప్పి విడిపించును అను ఈ వివరణమును వారు ఆకారమునుబట్టి ప్రతిపాదించిరి. తరువాతి ప్రయోగములు దానిని బలపఱచినవి.

మానవకణములయందును ఇట్టి ఎంజైమే కలదు. కాని అది ఒంటరి పనివాడు కాదు. ఈస్టునందు 8 మాంసకృత్తులు కూడి ఒక్క పనిముట్టుగా పనిచేయును. ముడివేయు భాగము మాత్రము పిజిఎల్-బిని పోలియున్నది. అందు గుత్తికి ఏడు కాక 14 చక్కెరలు. ఎనిమిదిమంది చేయు పనిని కాంపిలోబాక్టరునందు ఒక్కడే చేయుచుండుటచేత, చిన్న జీవియందే ఆ విద్యను పరీక్షించుట శాస్త్రజ్ఞులకు సులభమైనది.

7. ఈ ముడివలన సూక్ష్మజీవికి లాభము

ఇంతమంది పనివారిని పోషించి, శక్తిని వెచ్చించి కట్టిన గుత్తివలన ఆ జీవికి ప్రయోజనమేమి? పిజిఎల్ జన్యువులను చెఱచిన కాంపిలోబాక్టరులు కణములకు అంటుకొని లోనికి చొరజాలక తగ్గిపోయినవనియు, కోడిపిల్లల ప్రేగులలో నిలువజాలవనియు ప్రయోగములలో తేలినది. ప్రేగులయందు మాంసకృత్తులను జీర్ణముచేయు ఎంజైములు ఎల్లప్పుడును ప్రవహించుచుండును. చక్కెర గుత్తి ఆ జీవి పైమాంసకృత్తులను ఆ కోతనుండి కాపాడును. కావున అది యలంకారము కాదు, కవచము.

బాక్టీరియా చక్కెరను తన మాంసకృత్తునకే గాక, మన మాంసకృత్తునకు తగిలించి కీడు చేయుటయు కలదు. చాలదినములు తీవ్రమైన మందులు వాడినవారి ప్రేగులలో క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసీలి అను బాక్టీరియా కొన్నిసార్లు విజృంభించును. దాని విషము ఒక ఎంజైమే. అది మన కణములోనికి చొచ్చి, రో అను మాంసకృత్తుయొక్క 37వ పూసయగు థ్రియొనీనునకు ఒకే ఒక గ్లూకోసును తగిలించును. ఇది 1995లో తెలిసినది. కణమునకు ఆకారము నిలుపు పనిని నడిపించునది రో. గ్లూకోసు తగిలినంతనే అది పనిమానును. కణము ముడుచుకొని, ప్రేగుగోడ చెడును. ఒక్క చక్కెర చేయు కీడు ఇంతటిది.

8. పసిబిడ్డకు ఈ ముడి యేల కావలెను

ఇప్పుడు తల్లిదండ్రులు ముఖ్యముగా గమనింపవలసిన విషయమునకు వచ్చితిమి. న్యుమోనియా, మెదడుపొరల వాపు, టైఫాయిడు మొదలగు రోగములను కలిగించు పెక్కు బాక్టీరియాలు చక్కెర గొలుసులతో చేసిన పైకోటును ధరించియుండును. మన దేహము ఆ కోటును గుర్తించినచో ఆ జీవిని చంపగలదు. కావున ఆ కోటు చక్కెరను తీసి టీకాగా వేయవచ్చును గదా యని తోచును. పెద్దలకు అట్టి టీకా కొంతవఱకు పనిచేయును. కాని రెండేండ్లలోపు బిడ్డల దేహము వట్టి చక్కెరను సరిగా గుర్తింపజాలదు, గుర్తించినను జ్ఞాపకముంచుకొనదు. ఆ రోగములచేత ఎక్కువగా బాధపడువారు ఆ బిడ్డలే.

దీనికి ఉపాయము 1929లోనే సూచింపబడినది. న్యూయార్కు నగరమందు ఏవరీ, గోబెల్ అను శాస్త్రజ్ఞులు చక్కెరను మాంసకృత్తునకు ముడివేసి జంతువులకు ఎక్కించినచో, వట్టి చక్కెరకు కదలని దేహము అప్పుడు కదలునని చూపిరి. మాంసకృత్తు తోడుండుటచేత, జ్ఞాపకశక్తిగల రక్షణకణములు మేల్కొని సాయమునకు వచ్చును. ఈ సూత్రముమీద జాన్ రాబిన్స్, రేచల్ ష్నీర్సన్ మొదలగువారు పనిచేసిరి. హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా బి అను బాక్టీరియా పసిపిల్లలకు మెదడుపొరల వాపును కలిగించును. దానికి ఈ విధమగు మొదటి టీకా 1987లో అమెరికాలో అనుమతింపబడినది.

మన తెలుగు దేశమునకును ఇందు భాగము కలదు. హైదరాబాదు నగరమందలి భారత్ బయోటెక్ సంస్థ టైఫాయిడు బాక్టీరియా కోటునందలి ‘వి’ అను చక్కెరను, విషము తొలగించిన ధనుర్వాతపు మాంసకృత్తునకు ముడివేసి టీకా చేసినది. ఆఱునెలల బిడ్డకు సయితము వేయదగిన ఈ టీకాను 2017 చివర ప్రపంచ ఆరోగ్య సంస్థ తన యోగ్యతాపట్టికలో చేర్చుకొనినది. 2019లో పాకిస్తాను దేశము టైఫాయిడునకు ఇట్టి టీకాను బిడ్డల నిత్య టీకాలలో చేర్చుటలో మొదటిదైనది.

అయితే ఈ టీకాలయందు ముడిని వేయునది రసాయనశాస్త్రజ్ఞుడు, ఎంజైము కాదు. రోగకారియగు బాక్టీరియాను పెంచి, దాని చక్కెరను తీసి శుద్ధిచేయవలెను. మాంసకృత్తును వేఱుగా తయారుచేసి శుద్ధిచేయవలెను. రెండింటిని రసాయనములతో కలిపి, కలియనివానిని తొలగించి, మరల శుద్ధిచేయవలెను. ముడి ఎచ్చట పడునో నిశ్చయముగా చెప్పుట కష్టము. శ్రమయు వ్యయమును అధికము.

9. ఎరువు తెచ్చిన విద్య

ఇచ్చటనే ఎషెరిక్ చూచిన రెండు జీవులు కలిసికొనుచున్నవి. 2002లో జూరిక్ నగరమందు మైకేల్ వాకర్, మార్కస్ ఏబి మొదలగువారు కాంపిలోబాక్టరునందలి పిజిఎల్ జన్యువుల గుంపునంతటిని తీసి ఇ. కోలియందు ప్రవేశపెట్టిరి. ఇ. కోలికి స్వతస్సిద్ధముగా ఈ నేర్పు లేదు. కాని ఆ జన్యువులు చేరినంతనే అది చక్కెర గుత్తులను కట్టి, మాంసకృత్తులకు ముడివేయసాగెను. రోగము కలిగించు జీవి విద్యను, ప్రయోగశాలలో సులభముగా పెరుగు జీవికి నేర్పిరన్నమాట.

2005లో మఱియొక విశేషము తెలిసినది. పిజిఎల్-బి తన యేడు చక్కెరల గుత్తినే గాక, ఇతర బాక్టీరియాల కోటు చక్కెరలను సయితము ముడివేయగలదు. గుత్తి మొదటనున్న చక్కెరలో ఒక యెసిటైల్ ఆమినో గుంపు తగిన చోట నున్నచో చాలును. తక్కిన భాగము ఎట్లున్నను అది యభ్యంతరము చెప్పదు. కావున ఒకే ఇ. కోలి కణమునందు మూడు పనులు జరుపవచ్చును: రోగపు బాక్టీరియాయొక్క చక్కెరను కట్టుట, తోడు మాంసకృత్తును గ్రుచ్చుట, పిజిఎల్-బిచేత ముడివేయించుట. ముడి పడవలసిన చోటును కూడ ముందుగనే నిర్ణయింపవచ్చును. తగిన అయిదు పూసలను ఆ చోట గ్రుచ్చినచో సరి.

ఫలితములను ఉన్నవి యున్నట్లు చెప్పవలెను. రక్తవిరేచనములను కలిగించు షిగెల్లా బాక్టీరియాకు ఈ విధముగా చేసిన టీకాను ఆరోగ్యవంతులైన పెద్దలకు వేసి చూచిన మొదటి పరీక్ష 2015లో ప్రకటింపబడినది. అది కీడు చేయలేదనియు, దేహమునందు రక్షణపదార్థములను పుట్టించినదనియు తేలినది. కాని రోగనివారణయే నిజమైన పరీక్ష. ఇ. కోలిలోనే కొన్ని తెగలు వృద్ధులకు రక్తమందు చేరి ప్రాణాపాయకరమగు జ్వరమును తెచ్చును. వానిలో తొమ్మిది తెగలకు ఒకే టీకాను ఈ పద్ధతిని చేసి, 60 ఏండ్లు దాటినవారియందు పెద్ద పరీక్షను నడపిరి. అది చాలినంత రక్షణ నీయలేదని 2025 ఫిబ్రవరిలో ఆ పరీక్షను ఆపివేసిరి.

దీనినిబట్టి విద్య వ్యర్థమని తలంపరాదు. ముడి సరిగా పడినది. కాని ఏ చక్కెరను, ఏ మాంసకృత్తునకు, ఎంత మోతాదున ముడివేసినచో ఏ వయస్సువారికి రక్షణ కలుగునో, ఒక్కొక్క రోగమునకు వేర్వేఱుగా తేల్చుకొనవలసియున్నది. ఎంజైము పనిని తెలిసికొనుట ఒక మెట్టు. రోగమును గెలుచుట మఱియొక మెట్టు. మొదటిదానిని ఎక్కినవారు రెండవదియు ఎక్కితిమని చెప్పుకొనకుండుట శాస్త్రమునందు మర్యాద.

విద్యార్థులారా, బాక్టీరియాలకు ఈ నేర్పు లేదని గ్రంథములు వ్రాయుచున్న దినములలో, విరేచనముల రోగి మలమును భూతద్దమున చూచి, పెంచి, పరీక్షించినవారు లేకున్నచో, ఈ ముడిని మనమెవరమును ఎఱిగియుండము. మీరు ప్రయోగశాలలో నిలిచినపుడు, పుస్తకమునందున్న మాటను గౌరవింపుడు. దానిని పరీక్షించి చూచుటకు మాత్రము వెనుదీయకుడు. తల్లిదండ్రులకు మా మనవి యొక్కటియే: మీ బిడ్డకు టీకా వేయు నర్సమ్మ పట్టికలో టైఫాయిడు టీకాయో, న్యుమోనియా టీకాయో కనబడినపుడు, దానిలో చక్కెరకును మాంసకృత్తునకును వేసిన యొక ముడి కలదనియు, ఆ ముడి మీ పసిబిడ్డ కొఱకే వేయబడినదనియు ఎఱిగి, తప్పక సకాలమున వేయింపుడు.

విద్యార్థులకు ప్రశ్నలు

(1) ‘ఏ’ వర్గపు రక్తకణముల పైనను, కాంపిలోబాక్టరు గుత్తియందును గల సామాన్యమైన చక్కెర యేది?

(2) గుత్తిని మాంసకృత్తుమీదనే కట్టక, వేఱొక చోట కట్టి తరువాత ముడివేయుటను మీ సొంత ఉదాహరణముతో వివరింపుడు.

(3) ఆస్పార్టిక్ ఆమ్లము, ప్రోలీను, ఆస్పరజీను, గ్లైసీను, థ్రియొనీను అను దండయందు పిజిఎల్-బి ముడి వేయునా? మానవకణము వేయునా? కారణములను చెప్పుడు.

(4) వట్టి చక్కెరతో చేసిన టీకా రెండేండ్లలోపు బిడ్డకు ఏల చాలదు?